మంగతాయి మడమ

తేనెరాళ్ల కోన అడవిలో దుప్పులు, ఎలుగుబంట్లు, అడవికోళ్లు, ఒక కొండముచ్చుల గుంపు ఉండేవి. ఆ గుంపులో మంగతాయి అనే ఆడ కొండముచ్చుకు పుష్య బహుళ పాడ్యమి నాడు అన్యాయం జరిగింది. చేసినవాడు గుంపు పెద్ద భూషయ్య. చూస్తూ ఊరుకున్నది మిగతా అందరూ.

ఆ గుంపుకు ఒక ఆచారం ఉంది. తెల్లారీ తెల్లారకముందే, చలికి ఒళ్లు కొయ్యబారి ఉండగానే, పడుకున్న కొమ్మ మీది నుంచి నేరుగా ఎదుటి చింతచెట్టు మీదికి దూకాలి. దూకినవాళ్లకే కాయల్లో వాటా. దాన్ని తొలిదూకు అనేవారు. ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో ఎవరికీ తెలియదు. తెలియనిదానికే పట్టింపు ఎక్కువ.

మంగతాయికి కొన్నాళ్లుగా కుడి మడమ బాగాలేదు. పిక్కను మడమతో కలిపే లావుపాటి నరం లేవగానే పట్టేసేది. నాలుగడుగులు వేస్తే సడలేది. సడలింది కదా అని ఆమె దూకేది. ఆ రోజు మాత్రం సడలలేదు.

“మావా, ఇవాళ నావల్ల కాదు. మడమ వాచింది,” అంది.

“వాచింది మడమా, బద్ధకమా?” అన్నాడు భూషయ్య. గుంపంతా పకపకా నవ్వింది. “దూకు. దూకితే అదే పోతుంది. దూకకపోతే వాటా లేదు.”

కడుపు కాలుతుంటే మడమ మాట ఎవరు వింటారు? మంగతాయి దూకింది. కొమ్మ అందుకుంది కానీ, కాలు మోపేసరికి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ పూట నుంచి ఆమె కుంటుతూ నేలమీదే తిరిగింది. నేలమీద తిరిగే కొండముచ్చు కోసం చిరుతపులి పెద్దగా వెతకక్కర్లేదు.

అంతకంటే పెద్ద బెంగ ఇంకోటి. వైశాఖం వచ్చేసరికి కోనలో నీళ్లు ఇంకిపోతాయి. గుంపంతా పెద్ద గండి దూకి అవతలి మడుగుల దగ్గరికి వెళ్లిపోతుంది. దూకలేనివాళ్లు ఇవతలే ఉండిపోతారు. అలా ఉండిపోయినవాళ్లను వానలొచ్చాక మళ్లీ ఎవరూ చూడలేదు.

రాళ్ల సందున ఒక గుహలో నల్లవ్వ అనే ముసలి ఎలుగుబంటి ఉండేది. పుట్టలు తవ్వీ తవ్వీ, తేనెకోసం చెట్లెక్కీ ఎక్కీ, ఒకప్పుడు తనూ ఇదే నరం పాడుచేసుకుంది. మంగతాయి ఆమె దగ్గరికి వెళ్లింది.

“ఏం చేయాలి అవ్వా?”

“ముందు ఏం చేయకూడదో విను. ఎగరకు.”

“అయితే పడుకోనా?”

“అదీ వద్దు. అదేపనిగా పడుకుంటే నరం ఎండుతీగలా బిగుసుకుపోతుంది. మెల్లగా నడు. ఎండ తగిలాక ఈ రాతి అంచున మునివేళ్లమీద నిలబడు. రెండు కాళ్లమీదా పైకి లే. తర్వాత నొప్పికాలి మీదే బరువు వేసి, మడమను మెల్లగా కిందికి దించు. కాస్త లాగితే భయపడకు. మర్నాడు లేచేసరికి నొప్పి పెరిగిందా, నిన్న అతి చేశావని అర్థం. తగ్గించుకో.”

“ఇలా ఎన్నాళ్లు?”

“నీకు విసుగొచ్చి, ఆ విసుగుకే విసుగొచ్చి పోయేదాకా.”

నల్లవ్వ అబద్ధం చెప్పలేదు. రోజూ అదే రాయి. అదే లేవడం, అదే దించడం. పైన కొమ్మల్లో పిల్లలు దూకుతుంటే, మంగతాయి కింద రాలిన కాయలు ఏరుకు తినేది. “అత్తా, రాయి అరిగిపోయిందా?” అని పిల్లలు వేళాకోళం చేసేవాళ్లు. ఆమె తలెత్తకుండా మళ్లీ మడమ కిందికి దించేది.

మాఘంలో ఒకరోజు లేవగానే నొప్పి లేదు. ఆ సంతోషంలో ఆమె ఒక చిన్న కొమ్మ మీదికి ఎగిరింది. సాయంత్రానికి మడమ మళ్లీ ఉబ్బింది.

“ఎగిరావా?” అంది నల్లవ్వ.

“బాగుందనిపించింది అవ్వా.”

“బాగుండటం వేరు, బాగైపోవడం వేరు. పద, రాతి దగ్గరికి.”

మంగతాయి ఏడ్చింది. ఏడుస్తూనే రాతి అంచున నిలబడింది. నిలబడక ఏం చేస్తుంది?

ఫాల్గుణంలో ఆమెకు ఒకటి కనిపించింది. భూషయ్య పొద్దున్నే కొమ్మమీద లేచి, ఎడమకాలు ఈడుస్తూ నాలుగడుగులు వేస్తున్నాడు. తర్వాత ఏమీ ఎరగనట్టు దూకుతున్నాడు.

“మావా, నీ మడమ కూడా పట్టేస్తోంది. ఎండ వచ్చాక దూకరాదూ?” అంది.

“ఏమే, కుంటిదానివి నాకు నడక నేర్పుతావా? నీ రాయి నువ్వు చూసుకో!” అని కసిరాడు.

మంగతాయి తన రాయి తను చూసుకుంది. చైత్రం వచ్చింది. ముందు నేలమీద చిన్న గెంతులు వేసింది. తర్వాత రాతి నుంచి రాతికి ఎగిరింది. తర్వాత కొమ్మ నుంచి కొమ్మకు దూకింది. తొందరపడిన రోజు ఒక్కటీ లేదు. తొందరపడే ఓపిక ఎప్పుడో పోయింది.

గండి దాటే రోజు వచ్చింది. రాత్రి గాలివాన కొట్టడంతో తెల్లవారుజామున చలి వణికిస్తోంది.

“పొద్దెక్కనీ మావా,” అంది మంగతాయి.

“మా తాతలు పొద్దెక్కాక దూకారా?” అని భూషయ్య నిద్ర కళ్లతోనే అంచుకు పరుగెత్తి, ఎడమకాలు తన్నిపట్టి ఎగరబోయాడు.

టప్పుమని ఎండుకొమ్మ విరిగినట్టు చప్పుడైంది. భూషయ్య అంచునే కూలబడ్డాడు.

“ఎవర్రా నన్ను వెనకనుంచి తన్నింది?” అని అరిచాడు.

వెనక ఎవరూ లేరు. ఖాళీ రాయి ఉంది. నల్లవ్వ వచ్చి మడమ తడిమి చూసింది.

“నరం తెగింది. పాదం కిందికి వాల్చి, కదపకుండా ఉంచు. ఈ ఎండాకాలం నీకు నా గుహే గతి, లోపలి ఊట చుక్కలే దిక్కు,” అంది.

గుంపు బిక్కచచ్చిపోయింది. అందరూ మంగతాయి మొహం చూశారు. ఆమె ఒక రాతిమీద చతికిలబడి, “ఎండ రానివ్వండి,” అంది. ఎండ వచ్చింది. అందరూ అటూ ఇటూ నడిచారు, చిన్నచిన్న గెంతులు వేశారు. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఒక్కొక్కరే గండి దూకారు.

“నన్ను వదిలేసి పోతావా?” అన్నాడు భూషయ్య.

ఆమె దగ్గర ఇన్నాళ్లుగా దాచిన మాటలు చాలా ఉన్నాయి. ఒక్కటీ బయటికి తీయబుద్ధి కాలేదు.

“అవ్వ చెప్పినట్టు విను మావా. ఎగరకు,” అని మాత్రం అంది.

వైశాఖ శుద్ధ పంచమి నాడు, ఎండ రాళ్లను తాకిన తర్వాత, మంగతాయి అందరికంటే చివర గండి దూకి, అవతలి ఒడ్డున రెండు కాళ్లమీదా నిలబడింది.

నీతి: నొప్పిని సోమరితనం అనకూడదు, ఒళ్లు వేడెక్కాకే ఎగరాలి, గాయానికి మానేంత గడువు ఇవ్వాలి.