తుమ్మని పోస్టాఫీసు

నమ్మనివాళ్ళుంటే ఇప్పుడే లేచి వెళ్ళిపోండి! తర్వాత "తాతా, కోతలు" అన్నారో, ఊరుకోను. ఎవరూ లేవలేదా? సరే, వినండి.

అనగనగా ఒక అడవిలో ఒక పోస్టాఫీసు. దాన్ని చూసుకునేది ముంగిస మాణిక్యమ్మ. ఆమెది ముక్కు కాదు, మహిమ! దొంగ ఉత్తరం వాసన చూస్తే చాలు, తుమ్ము. ఆ తుమ్ముకు మూడు కొండల మీద మామిడి పిందెలు రాలిపోయేవి. ఉత్తరం పొయ్యిలోకి పోయేది.

మాణిక్యమ్మకు జ్వరమొచ్చినా ఉత్తరాలు తీసుకోవడం ఆగకూడదు కదా! అందుకని ఏటి అవతల ఇంకో చిన్న పోస్టాఫీసు పెట్టారు. అక్కడ తాబేలు తిరుపాలు ఉండేవాడు. ఎవరేమిచ్చినా తీసుకుని, కట్టకట్టి, ముద్ర వేసి మాణిక్యమ్మకు పంపేవాడు.

నక్క నాగులు ఒక దొంగ ఉత్తరం రాశాడు. తామరాకులో చుట్టి మాణిక్యమ్మ దగ్గరికి తెచ్చాడు. తుమ్మింది! మళ్ళీ రాసి, అత్తరు పూసి తెచ్చాడు. రెండుసార్లు తుమ్మింది! మూడోసారి ఏరు ఈది తిరుపాలు దగ్గరికి వెళ్ళాడు.

"ఏం నాగులూ, పెద్ద పోస్టాఫీసు తెరిచే ఉందిగా?" అన్నాడు తిరుపాలు.

"నీ ముద్రకున్న అందం దానికెక్కడిది బావా!" అన్నాడు నక్క.

తిరుపాలు పొంగిపోయి రెండు ముద్రలు గుద్దాడు.

కట్ట ఏరు దాటి వచ్చింది. "మన తిరుపాలు పంపిందేగా" అని మాణిక్యమ్మ విప్పి వాసనైనా చూడకుండా పంచిపెట్టమని వడ్రంగిపిట్టకు ఇచ్చేసింది.

ఉత్తరం కుందేలు గౌరమ్మకు చేరింది. "రేపు మీ బొరియలోకి వరదొస్తుంది. పిల్లల్ని నల్లగుహలో దాచు. ఇట్లు, ఏనుగు పెద్దయ్య" అని ఉంది. గౌరమ్మ నలుగురు పిల్లల్నీ తీసుకుని బయల్దేరింది. దారిలో మాణిక్యమ్మ కనిపించింది.

"ఎక్కడికే అంత హడావిడిగా?"

గౌరమ్మ ఉత్తరం చేతికిచ్చింది.

హా...చ్! నల్లగుహలో నోరు తెరుచుకుని కూర్చున్న నాగులు ఆ గాలికి లేచి, ఏడు అడవుల అవతల పడ్డాడు!

మాణిక్యమ్మ గౌరమ్మనూ పిల్లల్నీ వెంటబెట్టుకుని కోపంగా ఏరు దాటింది. "ఏమయ్యా, చూడకుండా ముద్రేశావా?"

"ఎలాగూ నువ్వు చూస్తావని నేను చూడలేదు వదినా!"

"నువ్వు చూసే ఉంటావని నేనూ చూడలేదు" అంది మాణిక్యమ్మ మెల్లగా.

"భలే కాపలా!" అంది గౌరమ్మ, పిల్లల్ని ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టుకుంటూ.

మర్నాటి నుంచి చిన్న పోస్టాఫీసులో మాణిక్యమ్మ చెల్లెలు కూర్చుంది. ఆమె తుమ్ములకు ఏట్లో చేపలు గట్టున పడేవి.

నీతి: వీధి తలుపుకు ఎంత గట్టి గడియ పెడతామో, పెరటి తలుపుకూ అంతే గట్టిది పెట్టాలి.

ఏం, ఇంకా నవ్వుతున్నారా? నాగులు ఎవరి తేనెపట్టు మీద పడ్డాడో ఆయన్నే వెళ్ళి అడగండి: ఎలుగుబంటి ఈరప్ప!