రెండు గుమ్మాల ఇల్లు

ఉప్పుమడుల ఊళ్ళో ఒక పొడుగాటి పెంకుటిల్లు ఉండేది. దానికి రెండు గుమ్మాలు. తూర్పు గుమ్మంలోంచి పిల్లలు చదువుకి వెళ్ళేవారు. పడమటి గుమ్మంలోంచి ఆడవాళ్ళు మందులకి వెళ్ళేవారు. రెండు గదులకీ మధ్యన కప్పు దాకా లేవని ఒక మట్టిగోడ.

ఆ ఇంటిని ఎవరు కట్టించారో ఎవరికీ తెలీదు. ఊరివాళ్ళు పండించిన ఉప్పు బండ్లమీద దివాణానికి వెళ్ళేది. దానికి బదులుగా దివాణం ఆ ఇంటిని పోషించేది. పెద్దదొరగారి తాతల కాలం నుంచీ అదే వాడుక.

గవరమ్మ రెండు గుమ్మాలూ ఎరిగిన మనిషి. చిన్నప్పుడు తూర్పు గదిలో ఇసక మీద వేలితో అక్షరాలు దిద్దింది. మడుల్లో పని చేసొచ్చిన వేలు, ఉప్పుకు పగిలిన వేలు, ఇసకలో పెడితే చుర్రుమనేది. పంతులు ఆ వేలు పట్టుకుని ఉఫ్‌మని ఊది, మళ్ళీ దిద్దించేవాడు. పెద్దయ్యాక కూడా ఏదైనా రాయబోతే అక్షరం కంటే ముందు ఆ చల్లదనమే వేలికొసకు గుర్తొచ్చేది.

పడమటి గదికి ఆమె తల్లయ్యాక వెళ్ళింది. ఆమె అక్క కన్నమ్మ ఏటా కంటూ కంటూ చివరి కానుపులో పోయింది. ఆ భయంతోనే గవరమ్మ చంటిపిల్లను చంకనేసుకుని వెళ్ళి ఆ గడప ముందు చాలాసేపు నిలబడిపోయింది. లోపల మందులమ్మ వాము కషాయం కాస్తోంది. ఎందుకొచ్చావని అడగలేదు. మొగుణ్ణి వెంటబెట్టుకు రమ్మనలేదు.

"నీకేటి కావాలమ్మా?" అంది.

ఆ మాట అంతవరకూ గవరమ్మను ఎవరూ అడగలేదు. మందులమ్మ తొందరపెట్టలేదు. పొయ్యి ఎగదోసుకుంటూ కూచుంది.

"ఈ పిల్ల చాలమ్మా. ఇంక వద్దు," అంది గవరమ్మ చివరికి.

"ఒళ్ళు నీది. మాటా నీదే," అని, ఏం చెయ్యాలో మందులమ్మ నెమ్మదిగా చెప్పింది. ఆవేళ ఇంటికెళ్తూ గవరమ్మ దారి పొడుగునా కూనిరాగం తీసింది. అది మడుల్లో ఆడవాళ్ళు పాడే పాటే. కాని దాన్ని ఒక్కతే పాడుకోవడం ఆమెకు అదే మొదలు.

ఆ రోజులు అలా గడిచాయి. మధ్యాహ్నం పూట పంతులూ మందులమ్మా మట్టిగోడ మీదుగా వేయించిన జీడిపిక్కలు పంచుకునేవారు. ఇటు అక్షరాల పాట, అటు వాము వాసన. పిల్లలు ఆ వాసనలోనే చదువుకున్నారు, ఆడవాళ్ళు ఆ పాట వింటూనే తమ కష్టాలు చెప్పుకున్నారు.

పెద్దదొర పోయి చిన్నదొర వచ్చాడు. కోటకు కొత్త సింహద్వారం కట్టించడం మొదలుపెట్టాడు. ఒకనాడు దివాణం లెక్కలు చూసే అమీను ఊళ్ళోకొచ్చి అందరినీ పెంకుటింటి ముందు కూడేశాడు.

"దివాణానికి ఖర్చులు పెరిగాయి. ఇకమీదట ఒక్క గుమ్మాన్నే పోషిస్తాం. రెండోది మూసేస్తాం. ఏది ఉండాలో, ఏది పోవాలో దొరవారు మీకే వదిలేశారు. ఎంత దయో చూడండి."

ఒక్కో గుమ్మం ముందు ఒక్కో తట్ట పెట్టిస్తాననీ, సంతరోజున ఎవరికి ఏ గుమ్మం కావాలో ఆ తట్టలో పిడికెడు ఉప్పు పొయ్యాలనీ చెప్పి వెళ్ళాడు.

సంత వచ్చేలోగా ఊరు ఊరులా లేకుండా పోయింది. ఒకే మడిలో పనిచేసే తోడికోడళ్ళు మాటలు మానేశారు. పిల్లలున్నవాళ్ళు బడి అన్నారు, కడుపుతో ఉన్నవాళ్ళు పడమటి గది అన్నారు. మట్టిగోడ మీద జీడిపిక్కలు ఆగిపోయాయి.

"బడి తట్టలోనే వేద్దాం," అన్నాడు గవరమ్మ మొగుడు సన్యాసి. "నీకింక ఆ గదితో పనేటుంది?"

"నాకు లేదు. రేపు మన పిల్లకుంటాది."

"అయితే ఆ తట్టలోనే వెయ్యి."

"మరి పిల్లకి చదువక్కర్లేదా?"

సన్యాసి తలగుడ్డ దులుపుకుని మడులకేసి వెళ్ళిపోయాడు.

సంతరోజున గవరమ్మ గుప్పెట్లో ఉప్పుతో వచ్చింది. తూర్పు తట్ట దగ్గర ఆగింది. పడమటి తట్ట దగ్గర ఆగింది. వెనక్కొచ్చి రెండింటికీ మధ్యన ఉప్పు నేల మీద పోసేసింది.

"ఇదేమిటి?" అన్నాడు అమీను.

"నా మాట, బాబూ."

"నేల మీద పోస్తే అది చెల్లదు."

"ఒక కన్ను ఉంచుతాం, ఏ కన్నో సెప్పమంటే ఎవురేటి సెప్తారు? అలా అడగడమే నాకు నచ్చలేదు."

ఆమె వెనకున్నది చేతికర్రతో వచ్చిన ఒక ముసలమ్మ. ఆమె కూడా నేల మీదే పోసింది. తర్వాత ఇంకొకరు, ఇంకొకరు. సన్యాసి తూర్పు తట్ట దాకా వెళ్ళి తిరిగొచ్చి, పెళ్ళాం పోసిన చోటే పోశాడు. పొద్దువాలేసరికి మధ్యలో కుప్ప లేచింది. తట్టల అడుగు కనిపిస్తూనే ఉంది.

అమీను నవ్వాడు. "ఏదీ కోరుకోలేదంటే ఏదీ వద్దన్నట్టే," అని రెండు గుమ్మాలకీ ఇటికలు పేర్పించేశాడు.

"ఒకటైనా మిగిలేది కదే!" అని ఊరు గవరమ్మ మీద పడింది. ఆమె పచ్చి ఇటికల ముందు చతికిలబడి, పంతులు ఊదిన వేలినీ, మందులమ్మ అడిగిన మాటనీ తలుచుకుని ఏడ్చింది. తన చేతులతోనే ఆ రెండింటినీ పూడ్చేశానేమోనని మొదటిసారి భయపడింది.

మర్నాడు పొద్దున్నే కూతుర్ని తీసుకుని ఉప్పుబండ్ల దారికి వెళ్ళింది. దివాణానికి అదొక్కటే దారి. దారి నడిమధ్య పిల్లను కూచోబెట్టి దుమ్ములో అక్షరాలు దిద్దించసాగింది. ఆ సంగతి తెలిసి పంతులొచ్చాడు. కాసేపు నిలబడి చూసి, పంచె సర్దుకుని తనూ దుమ్ములో కూచున్నాడు. మందులమ్మ కుంపటి నెత్తిన పెట్టుకొచ్చింది. ఆమె వెనక కడుపులు మోస్తున్నవాళ్ళూ, చంటిపిల్లల తల్లులూ వచ్చారు.

బండ్లు ఆగిపోయాయి.

"దారొదలండమ్మా!" అని కేకేశాడు ముందుబండివాడు.

"బడి నడుస్తంది, బాబూ. అయ్యాక వొదుల్తాం," అంది గవరమ్మ.

అతను ఎడ్లను విప్పేశాడు. అతని కూతురు కూడా ఆ దుమ్ములోనే కూచునుంది.

కొన్నాళ్ళు చూసి దొరే గుర్రమెక్కి వచ్చాడు. "తూర్పు గుమ్మం తెరిపిస్తాను. లేవండి," అన్నాడు.

పంతులు మందులమ్మ వైపు చూశాడు. లేవలేదు.

"తూర్పుది ఒక్కటే తెరిస్తే మాలో సగమే లేవగలం, దొరా," అంది గవరమ్మ. "మిగతా సగం దారిలోనే ఉంటాది."

దొర గుర్రం తిప్పుకుని వెళ్ళిపోయాడు. ఆ వెనకే మబ్బు పట్టింది. కప్పు లేని ఉప్పుకుప్పల మీద వాన కురిసింది. దొర వాటా, ఊరి వాటా, ఆ ఏటి కష్టమంతా తెల్లటి నీళ్ళయి సముద్రంలోకి పోయింది. ఆడవాళ్ళు తడుస్తూ చూశారు. ఎవరూ లేవలేదు. ఆ ఏడు ఊరంతా పల్చటి అంబలితో గడిపింది. కొంతమంది గవరమ్మతో మాట్లాడ్డం మానేశారు.

వానలు వెనకబట్టాయి. మడుల్లో దిగమని దివాణం కబురంపింది. ఒక్కరూ దిగలేదు. ఉప్పు రాబడి లేక కోట ముందు సింహద్వారం సగంలో నిలిచిపోయింది. అప్పుడు గుమ్మాల్లో ఇటికలు తీసెయ్యమని దొర తాపీవాళ్ళను పంపాడు.

"మీకెందుకు శ్రమ, మేమే తీసుకుంటాం," అని ఆడవాళ్ళు గునపాలు పట్టారు. తూర్పు ఇటికలు తీశారు, పడమటి ఇటికలు తీశారు. గునపాలు దించకుండా లోపలికెళ్ళి మట్టిగోడను కూడా పడగొట్టేశారు. అదెందుకని పంతులు అడగలేదు. తనే తట్ట పట్టుకుని మట్టి మోశాడు.

ఆ తర్వాత ఆ ఇల్లంతా ఒకటే గదయింది. చాటు కావలసినవాళ్ళకి ఒక తెర కట్టుకున్నారు. ఎవరు ఏ గుమ్మంలోంచైనా వచ్చేవారు. పంతులు పోయాడు, మందులమ్మ పోయింది. సన్యాసి కూడా పోయాడు. గవరమ్మ పళ్ళూడిపోయి, మధ్యాహ్నాలు ఆ ఇంటి అరుగు మీద కూచునే ముసలిదయింది. ఇప్పుడక్కడ చదువు చెబుతున్న సూరీడమ్మ పిల్లల్ని ఆటకు వదిలి వచ్చి పక్కన కూచుంటే, ఆ రోజులన్నీ చెప్పేది. పంతులు ఎటు తిరిగి కూచునేవాడో, కుంపటి ఏ మూల ఉండేదో, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పేది.

ఒకనాడు కొత్త అమీను వచ్చాడు. కుర్రవాడు, మర్యాదస్తుడు. చెప్పులు విడిచి మరీ అరుగెక్కాడు.

"మామ్మా, పాతకాలం మనిషివి నువ్వొక్కదానివే మిగిలావట. దివాణం ఈ ఇంటిని మునుపున్నట్టే బాగు చేయిద్దామనుకుంటోంది. వీటిల్లో బడిది ఏ గుమ్మం, ఆడవాళ్ళది ఏ గుమ్మం?"

గవరమ్మ తూర్పు వైపు చూసింది. పడమటి వైపు చూసింది. రెండు వైపులా చాలాసేపు చూసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ముసలిదాన్ని, బాబూ. గుర్తులేదు."

అతను పాపం అనుకుని చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు.

"అదేటి మామ్మా!" అంది సూరీడమ్మ. "నిన్ననేగా నాకంతా సెప్పావు?"

"నిన్న అడిగింది నువ్వు," అంది గవరమ్మ.