నేలమీది ఉత్తరీయం

ఆ స్వామి దయవల్ల అందరూ చేరారుగా, వినండి తల్లీ! రెండు రోజుల్లో గురుకులానికి వెళ్ళబోయే ఒక యువరాజు గది ఎప్పుడూ చిందరవందరే. ఆ గది ఊడ్చే గవరమ్మను రాజుగారు పిలిచి, "రేపటికల్లా వాడి గది వాడే సర్దుకోవాలి. లేకపోతే నీ కొలువు ఊడినట్టే" అన్నారు.

మర్నాడూ గది నిండా బట్టలే. రాజుగారు మండిపడుతూ, అలవాటు చొప్పున ఉత్తరీయం నేలమీదికి విసిరారు. గవరమ్మ కదలలేదు.

"తియ్యవేమే?"

"రోజూ మీది నేను తియ్యడం చూసే, బాబుగారు తనవీ పడేస్తున్నారు ప్రభూ. ఇవాళ ఎవరు తీస్తారా అని, అదుగో, గుమ్మంలోంచి చూస్తున్నారు."

రాజుగారు వంగి తానే తీశారు. పిల్లవాడూ వచ్చి తన అంగీ తీశాడు. గవరమ్మ కొలువు నిలిచింది.

తెల్లారి యువరాజు వెళ్ళిపోయాడు. ఆ తరవాత రాజుగారు రోజూ ఆ గదికి వెళ్ళి, నేలమీద ఒక్క అంగీ అయినా పడి ఉందేమోనని చూసేవారట.