నాలుగింటికి వెళ్ళిన ఓడ

గుల్లలంక గవర్రాజుగారింట్లో తెలివి మరీ ఎక్కువ. వాడుకోగా మిగిలింది ఊరికి పంచుతున్నామని వాళ్ళే చెప్పుకునేవారు. ఊరు పుచ్చుకోలేదు, అది వేరే సంగతి.

ఆ ఇంట్లో ముగ్గురు: గవర్రాజు, ఆయన పెళ్ళాం పేరయ్యమ్మ, ఆవిడ తమ్ముడు అబ్బులు. బట్టలకొట్టు లక్కీడ్రాలో వీళ్ళకి ఓడ ప్రయాణం తగిలింది. కలకత్తాలో ఎక్కాలి, విశాఖపట్నంలో ఒక పగలు ఆగి ఊరు చూడాలి, చెన్నైలో దిగాలి.

"తెలివితక్కువ వాళ్ళయితే కొత్త ఊళ్ళో తప్పిపోతారు. మనకేం భయం? ఎవరేం చెప్తే అక్షరం పొల్లుపోకుండా చేసే వంశం మనది," అన్నాడు గవర్రాజు, మీసం దువ్వుకుంటూ.

విశాఖలో ఓడ ఆగింది. మెట్ల దగ్గర తెల్లదుస్తుల ఉద్యోగి చెప్పాడు: "హాయిగా తిరిగి రండి. కానీ ఓడ మీద ఒక కన్నేసి ఉంచండి. సరిగ్గా నాలుగింటికి వెళ్ళిపోతుంది, ఎవరికోసమూ ఆగదు."

అంతే. ముగ్గురూ ఓడ వైపు తిరిగి, ఒక కన్ను అరచేత్తో మూసుకుని, రెండోది ఓడ మీద వేసి, వెనక్కి నడవడం మొదలుపెట్టారు. మూసిన కన్ను ఊరు చూడ్డానికని దాచారట.

రేవు గేటు దాటి మలుపు తిరిగేసరికి గోడ అడ్డొచ్చింది.

"బావా, ఓడ కనబడ్డం లేదు!" అన్నాడు అబ్బులు.

"వేసిన కన్ను అక్కడే ఉంచావు కదరా. దానికి కనబడుతుందిలే," అన్నాడు గవర్రాజు.

అలా వెనక్కి వెనక్కి వెళ్ళి అబ్బులు ఎండుచేపల గంపలో కూలబడ్డాడు. ఇంకేముంది! నెత్తళ్ళు రోడ్డంతా పరుచుకున్నాయి.

చేపలమ్మి లేచింది. "ఏటి బాబూ, కళ్ళు నెత్తికెక్కినాయేటి?"

అబ్బులు గాభరాగా నెత్తి తడుముకున్నాడు. "లేదమ్మా, జుట్టే ఉంది. అక్కా, నువ్వోసారి చూడవే!"

పేరయ్యమ్మ తమ్ముడి తల పాయ పాయగా వెతికింది. పేలు కనబడ్డాయి గానీ కళ్ళు కనబడలేదు. చేపలమ్మికి కోపం పోయి జాలేసింది. "పాపం, ఎండదెబ్బ తగిలినట్టుంది. బీచికెల్లి కాసేపు గాలి పోసుకోండి నాయనా."

గాలి పోసుకోవాలంటే చెంబు కావాలి కదా. కొన్నారు. సబ్బు కూడా కొన్నారు. బీచిలో గవర్రాజు చొక్కా విప్పి గొంతుక్కూర్చుంటే, పేరయ్యమ్మ చెంబు నిండా గాలి పట్టి ఆయన నెత్తిన పోసింది. ఒకటి, రెండు, పది చెంబులు. అబ్బులు వీపు రుద్దాడు.

"నురగ రావడం లేదేమిటే?"

"సముద్రం గాలి కదండీ, ఉప్పుది. దీనికి నురగ రాదు."

జనం మూగారు. ఫోటోలు తీసే ఆయన కూడా వచ్చాడు. "సార్, అలల దగ్గర మంచి ఫోటో దిగండి."

"ఎక్కకుండానే ఎలా దిగుతామండీ?" అని అబ్బులు ఆయన ముక్కాలిపీట ఎక్కాడు. వెనకే గవర్రాజు ఎక్కాడు. ఇద్దరికీ తోడుగా పేరయ్యమ్మ ఎక్కింది. పీట మూడు కాళ్ళూ మూడు దిక్కులకి పోయాయి. మొత్తానికి దిగడమైతే ముగ్గురూ దిగారు.

ఇసక దులుపుకుంటూ గవర్రాజు గడియారం చూశాడు. మూడున్నర. "ఓడ నాలుగింటికి వెళ్తానంది. మరి ఏ నాలుగింటికి?"

ఎదురు సందులో ఇళ్ళు లెక్కపెట్టారు. సరిగ్గా నాలుగే ఉన్నాయి! మూడిళ్ళ అరుగుల మీద ముగ్గురూ కూర్చున్నారు. ఓడ ఇంటి ముందుకి రాగానే ఎక్కెయ్యాలని కాళ్ళ చెప్పులు కూడా చేత పట్టుకున్నారు.

నాలుగు దాటింది. దూరంగా ఓడ కూత వినబడింది. నాలుగున్నరకి ఓ ముసలాయన తలుపు తీసి సంగతి కనుక్కుని, "ఆ ఓడ ఎప్పుడో వెళ్ళిపోయింది," అన్నాడు.

గవర్రాజు నుదురు కొట్టుకున్నాడు. "చూశారా, కాపలా లేని ఆ నాలుగో ఇంటికొచ్చి వెళ్ళిపోయింది! అందుకే నలుగురం రావాల్సింది."

పేరయ్యమ్మ గొల్లుమంది. "నా ఆవకాయ జాడీ ఓడలోనే ఉండిపోయిందండీ! ఊరుగాని ఊళ్ళో దిక్కులేని వాళ్ళమైపోయాం!" అబ్బులూ అందుకున్నాడు.

ఏడ్చుకుంటూ మళ్ళీ బీచి రోడ్డెక్కారు. అక్కడ ఇసక మీద నల్లగా, పొడుగ్గా ఓ జలాంతర్గామి. పాతబడ్డాక ఒడ్డుకి లాగి, జనం చూడ్డానికి పెట్టారు. కాపలా ఆయన్ని గవర్రాజు అడిగాడు, "దీన్నెక్కొచ్చా?"

"టికెట్టు తీసుకుంటే ఎక్కొచ్చండి."

ఇంకేముంది! ముగ్గురూ ఎక్కి, లోపల ఇనప మంచాల మీద ఒరిగారు.

"ఈ ఓడే నయం, వాంతులు రావడం లేదు," అంది పేరయ్యమ్మ. రోజంతా వెనక్కి నడిచిన అలసట, కళ్ళు మూతలు పడ్డాయి.

చీకటి పడ్డాక, మూసే వేళకి కాపలా ఆయన తట్టి లేపాడు. "దిగండి, దిగండి!"

అబ్బులు ముందు బయటికి తొంగిచూశాడు. దీపాలు, కార్లు, జనం. "బావా, వచ్చేశాం! చెన్నై!"

గవర్రాజు ఠీవిగా మెట్లు దిగి, అటూ ఇటూ చూసి, గుల్లలంకకి ఫోన్ కలిపాడు.

"పెదనాన్నా, చెన్నై చేరిపోయామండీ. ఒక్క కుదుపు లేదు. ఇక్కడి వాళ్ళెంత మర్యాదస్తులనుకున్నారు, మనం వస్తున్నామని తెలిసి ఊరంతా తెలుగు నేర్చేసుకుంది!"