మిల్కా లేని కూటం

మిడతలు చేలన్నీ ఊడ్చేసి పోయాయి. ఉపవాసముండి, చంటిపిల్లలతో సహా ఊరంతా కళ్లంలో కూడి దేవునికి మొరపెట్టుకోవాలని పెద్దలు చాటింపు వేయించారు. పశ్చాత్తాపానికి గుర్తుగా వచ్చినవాళ్ల తల మీద బూడిద వేసి లోపలికి పంపే పనిని గురువు అజర్యా తన శిష్యుడు ఎల్నాతానుకు అప్పగించాడు.

ఎల్నాతాను కళ్లం వాకిట తడిక దగ్గర నిలబడి ఒక్కొక్కర్నీ ఆపాడు. "ఏమైనా తిన్నావా?" అని అడిగి, లేదంటేనే బూడిద వేశాడు. అలా అడగమని అతనికెవరూ చెప్పలేదు.

"తినడానికి ఏం మిగిల్చాయి నాయనా, మిడతలు మాచేత నిన్ననే ఉపవాసం పట్టించాయి," అంటూ ముసలి కుమ్మరి షల్లూము తల వంచాడు. కొత్త పెళ్లికొడుకు కూడా గోనెపట్ట కట్టుకుని పెళ్లాంతో వచ్చాడు.

పొద్దెక్కింది. జనం సర్దుకుని కూర్చున్నారు. గురువు మాత్రం ప్రార్థన మొదలుపెట్టడం లేదు. తడిక వైపే చూస్తున్నాడు.

ఎల్నాతాను దగ్గరికెళ్లి మెల్లగా అన్నాడు. "అయ్యా, అందరూ వచ్చేశారు."

"మిల్కా ఏదిరా?"

మిల్కా మొగుడు పోయిన మనిషి. చేతిలో పాలు తాగే బిడ్డ.

"వచ్చిందయ్యా. పాలు పడడం లేదని గుప్పెడు వేపుడు గింజలు తిన్నానంది. తిన్నవాళ్లకి బూడిద వెయ్యనని పంపించేశాను."

మెచ్చుకుంటాడనే అనుకున్నాడు.

"ఏమంది?"

"పోనీ బిడ్డకైనా వెయ్యమంది. వాడు పాలు తాగాడు కదా, అన్నాను."

పైకి చెప్పాక ఆ మాట అతనికే ఎలాగో వినిపించింది.

గురువు వంగి, కళ్లం రాళ్ల సందుల్లో వెతికి, ఎప్పటివో నాలుగు యవల గింజలు ఏరాడు. దుమ్ము ఊదాడు. అంతమందీ చూస్తుండగా నోట్లో వేసుకుని నమిలి మింగాడు.

"నేనూ తిన్నాను," అన్నాడు. లేచి, జనం మధ్యలోంచి నడిచి, తడిక దాటి బయట నిలబడ్డాడు.

ఎల్నాతాను పరిగెత్తాడు. మిల్కా ఇంటి తలుపు తీసే ఉంది. పొయ్యి ఇంకా వెచ్చగా ఉంది. కుండా లేదు, బిడ్డ దుప్పటీ లేదు. కొండ అంచు దాకా వెళ్లి చూశాడు. ఆమె పుట్టింటికి పోయే బాట మలుపులు తిరుగుతూ కిందికి దిగిపోతోంది. దాని మీద మనిషి జాడ లేదు. గొంతు చించుకుని పిలిచాడు. ఎవరూ పలకలేదు.

తిరిగి వచ్చేసరికి గురువు తడిక బయట నేల మీద కూర్చుని ఉన్నాడు.

"వెళ్లిపోయిందయ్యా," అన్నాడు ఎల్నాతాను.

లోపల జనం ఎదురుచూస్తున్నారు. గురువు వాళ్ల వైపు చూశాడు, శిష్యుడి వైపు చూశాడు.

"అయితే ఊరు కూడలేదు," అన్నాడు.