పదిమంది గట్టు

ఉప్పుటేరు సముద్రం వైపు మలుపు తిరిగేచోట, తుమ్మచెట్లు దాటాక, ఒక పొడవాటి మట్టి గట్టు కనిపిస్తుంది. దానికి పదిమంది గట్టు అని పేరు. ఇక్కడ గోపురం లేదు, గంట లేదు. ఇశ్రాయేలు సంతతి వారమని చెప్పుకునే పాతిక గడపల పల్లె వారి సమాధులు మాత్రం ఉన్నాయి. భక్తులు చెప్పులు కింద విడిచి గట్టెక్కాలి. పూలు, టెంకాయలు తేనవసరం లేదు. పదిమందిని వెంట తెచ్చుకోవాలి, అదే కష్టం.

పూర్వం ఇక్కడ తిర్సమ్మ, మిల్కమ్మ అనే తోడికోడళ్ళు ఒకే గోడకు అటూ ఇటూ కాపురాలు చేసుకునేవారు. తిర్సమ్మ పెద్దది, నోరున్న మనిషి. మిల్కమ్మకు నోట్లో నాలుక లేదనేవారు. కూర గిన్నెలు గోడ మీదుగానే ఇటునుంచి అటు వెళ్ళేవి.

పస్కా పండుగ వస్తే ఆ పల్లెలో పులిసిన పిండి గడప లోపల ఉండరాదు. అట్ల పిండి కుండలు కడిగి బోర్లిస్తారు. పూర్వులు దాస్యం నుంచి బయలుదేరిన రాత్రి పిండి పులిసేదాకా ఆగలేదు కనుక, పొంగని రొట్టెలే తింటారు. ఆ ఏడు ఊరందరికీ రొట్టెలు కాల్చే వంతు మిల్కమ్మది. తెల్లవారుజాము నుంచి పెనం ముందు కూర్చుని, వేళ్ళు బొబ్బలెక్కేలా కాల్చింది. సాయంత్రం తిర్సమ్మ నిప్పు కోసం వెళ్ళి, మిల్కమ్మ పెరట్లో గోడ వారన మసకలో పులిసిన పిండి కుండ చూసింది. చూసినప్పుడే ఆ ఇంట్లో అడిగితే సరిపోయేది. ఊరంతా మందిరంలో బంతి కూర్చున్నాక లేచి నిలబడింది.

"ఈ రొట్టెలు ముట్టుకోకండి. దీనింట్లో పులిసిన కుండ ఉంది."

"అది నాది కాదక్కా," అంది మిల్కమ్మ.

ఎవరూ నమ్మలేదు. ఒక్కొక్కరే రొట్టె పక్కకు నెట్టారు. మిల్కమ్మ గంప నెత్తిన పెట్టుకుని ఇంటికి పోయింది. ఆ రోజు నుంచి గోడ మీదుగా గిన్నెలు తిరగలేదు.

తొలకరి పడ్డాక తిర్సమ్మ తన అంచు విరిగిన కుండ కోసం వెతుకుతుంటే, చూపూ వినికిడీ మందగించిన అత్తగారు మాటవరసకు చెప్పింది. "పారబోద్దామని గోడ మీద పెట్టావు కదే. కాకులు పొడుస్తుంటే నేనే అవతలికి దించాను."

పులిసిన కుండ తనదేనని తిర్సమ్మకు అర్థమైంది. ఆ పూటే గోడ దాటి వెళ్ళి ఉంటే ఈ స్థలానికి పురాణమే ఉండేది కాదు. కానీ ఆమెకు ఒక సాకు దొరికింది. ఏటా వానాకాలం చివర వచ్చే ప్రాయశ్చిత్త దినానికి ముందు పల్లెలో అందరూ అందరినీ క్షమించమని అడుగుతారు. ఆ రోజు అడిగితే పదిమందిలో తన సిగ్గూ కలిసిపోతుందనుకుంది. ఆలస్యం అమృతం విషం అని ఊరికే అనలేదు. భాద్రపదంలో మిల్కమ్మకు విషజ్వరం తగిలింది. తిర్సమ్మ అత్తగారి చేత మిరియాల కషాయం పంపింది గానీ తాను వెళ్ళలేదు. ఒక మధ్యాహ్నం గోడ అవతల ఏడుపు వినిపించింది.

ఆ శనివారం మందిరంలో పెద్దాయన ఓబద్య, తమ ధర్మగ్రంథమైన తోరా నుంచి వారం వారం చదివే పాఠం చదివాడు. దేవుని మాట కోసం ఆకాశానికి ఎక్కనక్కరలేదు, సముద్రం దాటనక్కరలేదు, అది నీ నోటిలోనే ఉంది అనే భాగం ఆ వారానిది. తిర్సమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆ మాట నిజంగా తన నోట్లోనే, నెలల తరబడి ఉండిపోయింది.

మర్నాడు ఓబద్య దగ్గరికి వెళ్ళింది. "ఇప్పుడు ఎవరిని అడగను తాతా?"

"పోయినవాళ్ళ దగ్గరికి పదిమందిని తీసుకెళ్ళి, చెప్పుల్లేకుండా నిలబడి, చేసిన తప్పు పేరుపెట్టి చెప్పాలమ్మా. పదిమందిలో అవమానించావు. పదిమందిలోనే చెప్పు."

ఆమె గడప గడపకూ తిరిగింది. వస్తే ఆనాడు రొట్టె నెట్టిన తప్పు తామూ ఒప్పుకున్నట్టవుతుందని చాలామంది ముఖం చాటేశారు. మిల్కమ్మ భర్త తలుపే తీయలేదు. చివరికి ఓబద్య, మరికొందరు ముసలివాళ్ళు, ఇద్దరు విధవరాళ్ళు, కట్టెలు కొట్టే మనిషి, వేరే మతానికి చెందిన పడవవాడు వచ్చారు. ఆడవాళ్ళనూ పరాయివాణ్ణీ లెక్కించవచ్చా అని ఒకరు అడిగారు. నిన్నటి పాఠంలో దేవుని ఎదుట వాళ్ళందరూ నిలబడ్డారు కదా అన్నాడు ఓబద్య. అయినా తొమ్మిదిమందే అయ్యారు. పొద్దు వాలుతోంది.

అప్పుడు మిల్కమ్మ తల్లి నయోమమ్మ గట్టెక్కి వచ్చింది. దుఃఖదినాల్లో ఇల్లు కదలరాదు. అయినా వచ్చింది.

"పిన్నీ..." అంటూ తిర్సమ్మ ఆమె కాళ్ళ మీద పడబోయింది.

"లే. లెక్క కోసం నిలబడతాను. క్షమించాననమని మాత్రం నన్ను అడక్కు. ఆ మాట దానిది, నాది కాదు."

తిర్సమ్మ కొత్త మట్టి వైపు తిరిగింది. "మిల్కా, కుండ నాదే. నీ రొట్టెలు మంచివే. తెలిసి కూడా నీ గడప తొక్కలేదు," అని ఊరికి వినపడేలా చెప్పింది.

ఇటువంటి చోట ఆకాశవాణి పలకాలి, కనీసం కలలోనైనా కనిపించాలి. ఏదీ జరగలేదు. నయోమమ్మ పలకరించకుండానే పడవెక్కి తన ఊరు వెళ్ళిపోయింది. తిర్సమ్మ బతికినన్నాళ్ళూ ఒక కల కోసం ఎదురుచూసిందని, అది రాలేదని ఆమె మనవరాళ్ళు చెప్పేవారు.

నేటికీ కొత్త ఏడు మొదలయ్యే బూరధ్వని పండుగకు ముందు, ఆ పాఠం చదివిన వారంలో, పోయినవారిని క్షమాపణ అడగదలచినవారు ఇక్కడికి వస్తారు. పదో మనిషి తప్పనిసరిగా పోయినవారి తరఫు మనిషై ఉండాలి. ఆ మనిషిని క్షమించమని బలవంతపెట్టరాదు. రేవులో పడవ దిగాక కొందరు, తాము క్షమాపణ అడగవలసినవారు ఇంకా బతికే ఉన్నారని గుర్తొచ్చి, గట్టెక్కకుండానే వెనక్కి తిరుగుతారు. ఈ స్థలఫలం పూర్తిగా దక్కేది వారికేనని పల్లెవారి నమ్మకం. తిర్సమ్మకు దక్కనిది అదే.