వరహాలమ్మ తొలి తూటా

"గురువుగారూ, ఈ భయం ఎప్పుడు పోతుందండీ?"

వరహాలమ్మ ఈ మాట అడిగినప్పుడు గురవాచారిగారు రైఫిలు వెనకకొయ్యకని కోసిన ఇరుగుడు చేవ మీద ఆకురాయి ఆడిస్తున్నారు. ఆయన చెయ్యి ఆగలేదు. అడిగిన ప్రశ్నకు అప్పటికప్పుడు బదులు చెప్పే అలవాటు ఆయనకు లేదు. నోటితో చెప్పింది చెవి దాకానే వెళుతుందని ఆయన అనుమానం. అందుకని ప్రశ్నను మనసులో పెట్టుకుని, ఎప్పుడో పని మధ్యలో, దాని సమాధానాన్ని చేతికి అందించేవారు. ఆ రోజు కూడా చెక్కపొట్టు ఊదేసి, "ఎల్లుండి పొద్దున్నే రేంజికి వెళదాం. రాజుగారికి కబురు పెట్టు," అన్నారు. అంతే.

విజయనగరం దాటి కొండల వైపు వెళ్ళే దారిలో ఉంది ఆయన కార్ఖానా. తుపాకులు చేయడానికి సర్కారు ఇచ్చిన లైసెన్సు తాతగారి నాటిది. అక్కడ తయారయ్యేవి ఈ కాలపు తుపాకులు కావు. ముత్తాతల కాలం పద్ధతిలో, ఒక్కసారికి ఒక్క తూటాయే పట్టే రైఫిళ్ళు. కిందనున్న మీట లాగితే ఉక్కుదిమ్మ దిగి గొట్టం వెనకభాగం నోరు తెరుస్తుంది. ఒక తూటా పెట్టి మీట మూయాలి. పేల్చాక మళ్ళీ తెరిచి, ఖాళీ డొల్ల తీసేసి, ఇంకొకటి పెట్టుకోవాలి. ఆ తూటాలు బజారులో దొరకవు. వాటిని చేసేవాళ్ళు ఎప్పుడో మానేశారు. కాబట్టి ఇత్తడి డొల్లను లేతు మెషీను మీద తామే తీర్చుకోవాలి. సీసం కరిగించి గుండు పోసుకోవాలి. గుండుకి పలచని కాగితం చుట్టి, తేనెమైనం పట్టించి, నల్లటి తుపాకీమందు నింపిన డొల్లలో కూర్చాలి. ఇదంతా ఎందుకంటే చెప్పడం కష్టం. పాత రైఫిళ్ళతో పోటీలకు వెళ్ళే సరదా ఉన్న కొద్దిమందికి మాత్రం ఆచారిగారి చేతి వస్తువంటే ప్రాణం.

వరహాలమ్మ ఒకప్పుడు చక్కెర మిల్లులో టర్నరు. మిల్లు మూతపడ్డాక ఆచారిగారి దగ్గర చేరింది. నలభైకి దగ్గర పడుతున్న మనిషి, మాట తక్కువ, చేతిలో లేతు పాడినట్టు తిరుగుతుంది. మూడో ఏటికల్లా ఆమె తీర్చిన డొల్లలను ఆచారిగారు మళ్ళీ కొలిచి చూడడం మానేశారు. కిందటి వేసవిలో ఆమె సొంతంగా చేసిన మొదటి రైఫిలు పేల్చింది. ఆ తూటా డొల్ల అడుగు చీలింది. మండే ఆవిరి ముందుకు పోక వెనక్కి తిరిగి ఆమె ముఖానికి కొట్టింది. కళ్ళద్దాలు ఉండబట్టి కళ్ళు దక్కాయి. ఒక కనుబొమ్మ కాలింది, చెంప మీద నల్లటి చుక్కలు మిగిలాయి.

లోపం ఎక్కడుందో ఆమే కనిపెట్టింది. డొల్ల అడుగున ఇత్తడి పలచబడింది. తరవాతి రైఫిలులో దాన్ని దిద్దుకుంది. ఆవిరి ఎప్పుడైనా వెనక్కి వస్తే పక్కకి పోయేలా దిమ్మకు చిన్న రంధ్రం కూడా తొలిచింది. ఆ కొత్త రైఫిలును బల్లకు బిగించి, దూరం నుంచి తాడుతో లాగి, మామూలు కంటే ఎక్కువ మందు నింపిన తూటాలు కాల్చి చూశారు. ఎక్కడా వెంట్రుకంత పగులు లేదు. అంతా తెలుసు. అయినా భుజానికి ఆనించుకునేసరికి ఆమెకి వేలు బిగుసుకుపోయేది. రెండుసార్లు రేంజి దాకా వెళ్ళి, ఏదో వంక చెప్పి, తిరిగి వచ్చేసింది.

ఆ కార్ఖానాలో ఒక కట్టుబాటు ఉంది. రైఫిలు ఎవరు చేశారో వారు తప్పకుండా దాన్ని భుజానికి ఆనించి పేల్చి చూపాలి. ఆ తరవాతే గొట్టం మీద వారి పేరు గుద్దుతారు. పేరు లేని తుపాకీ బేరానికి గడప దాటదు. ఇది తెలిసే వరహాలమ్మ విశాఖపట్నంలో పంపుసెట్లు చేసే ఒక ఫ్యాక్టరీలో పనికి మాట్లాడుకుంది. పంపుసెట్టును ఎవరూ భుజానికి ఆనించి పేల్చమనరు. వెళ్ళిపోతానని చెప్పడానికి ఆ రోజు వచ్చిన మనిషి, చెప్పలేక, భయం ఎప్పుడు పోతుందని అడిగింది.

ఎల్లుండి రానే వచ్చింది. కొండను ఆనుకుని రైఫిల్ క్లబ్బు వాళ్ళ రేంజి. గుళ్ళన్నీ ఆ కొండ పొట్టలో పడతాయి. ఎండ ఇంకా ఎక్కలేదు, గడ్డి మీద తడి ఉంది. రైఫిలు చేయించుకుంటున్న జగన్నాథరాజుగారు అప్పటికే వచ్చి కుర్చీ వేసుకుని కూర్చున్నారు. మాటకారి, మంచివాడు. వరహాలమ్మ ముఖం చూడగానే ఆయనకు సంగతి అర్థమైంది.

"ఏటమ్మా, ఎందుకంత ఇదైపోతావు? ఎవరు పేలిస్తే ఏం? ఇలా తే, నేనే పేల్చేస్తాను. పేరు మాత్రం నీదే గుద్దించుకుందాం."

వరహాలమ్మకి ప్రాణం లేచివచ్చింది. ఇచ్చేద్దామని రైఫిలు రెండు చేతులతో ఎత్తింది కూడా. ఆచారిగారు మధ్యలోనే అందుకున్నారు.

"తమరి వంతు తరవాత, రాజుగారూ. ముందు నేనొకసారి చూస్తాను." అని, సంచిలోంచి తూటాల పెట్టె తీసి ఆమె ముందు పెట్టారు. "ఇందులో కొన్ని నిజమైనవి, కొన్ని ఉత్తుత్తివి. ఉత్తుత్తి వాటిలో మందు లేదు, బరువు సరిపోవడానికి ఇసక పోశాను. అడుగున సున్నపు చుక్క పెట్టాను, చూసుకో. నీ ఇష్టం వచ్చింది పెట్టి మీట మూసి నాకివ్వు. ఏది పెట్టావో నాకు తెలియనివ్వకు. నేను అటు తిరిగే ఉంటాను."

ఆయన బల్ల దగ్గర కూర్చుని, చెవుల్లో దూది పెట్టుకుని, కొండ వైపు తిరిగారు. డెబ్బై దాటినా నిటారుగా ఉండే వీపు. రాజుగారు కుర్చీలో సర్దుకుని, "చూడమ్మా, చూసి నేర్చుకో. నా చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. ఆచారిగారి చెయ్యి కదలగా చూసినవాడు ఈ జిల్లాలో లేడు," అన్నారు.

వరహాలమ్మ మొదట నిజమైనదే పెట్టింది. ఆచారిగారు ఊపిరి వదిలి, ఆగి, ట్రిగ్గర్ నొక్కారు. కొండ దద్దరిల్లింది. తెల్లటి పొగ మబ్బులా లేచి, మెల్లగా పక్కకి జరిగింది. దూరాన గురి కాగితం మీద నల్లచుక్క అంచున చిల్లు కనిపించింది. రాజుగారు తొడ చరిచారు.

రెండోసారి ఆమె సున్నపు చుక్క ఉన్నది పెట్టింది.

టక్కుమంది. పొగ లేదు, మోత లేదు. ఆ నిశ్శబ్దంలో ముగ్గురికీ స్పష్టంగా కనిపించింది. రైఫిలు గొట్టం మూతి చటుక్కున కిందికి వంగింది. తూటా పేలితే రైఫిలు భుజాన్ని వెనక్కి గుద్దుతుంది. ఆ రాని దెబ్బకు ఆచారిగారి భుజం ఎదురువెళ్ళింది.

పేలని తూటాను వెంటనే తియ్యకూడదు. ఆలస్యంగా అంటుకునే ప్రమాదం ఉంటుంది కాబట్టి, అది ఉత్తుత్తిదని తెలిసినా తెలియకపోయినా, గొట్టాన్ని గురి వైపే ఉంచి కాసేపు ఆగాలి. వరహాలమ్మ గురువుగారి వైపు చూడలేక తూటాల పెట్టె వైపు చూసింది. ఇన్నేళ్ళుగా ఆయన పేరు చెప్పుకుని మురిసిపోయే రాజుగారి ఎదురుగా ఇలా జరిగిందే అని ఆమెకు ఒళ్ళంతా ముడుచుకుపోయింది. తానే తప్పు చేసినట్టు అనిపించింది. ఆచారిగారి చెవి తమ్మెలు ఎర్రబడ్డాయి.

"తుమ్మొచ్చిందేమోలెండి," అన్నారు రాజుగారు చిన్న గొంతుతో.

"తుమ్ము కాదు రాజుగారూ. భయం." ఆచారిగారు వెనక్కి తిరగకుండానే మీట తెరిచి, డొల్ల తీసి బల్ల మీద పెట్టి, రైఫిలు వెనక్కి అందించారు. "ఇంకోటి పెట్టమ్మా. ఈసారి నా ముఖం చూడకు, గొట్టం చూడు."

ఆమె మళ్ళీ మళ్ళీ నింపింది. నిజమైనవి పేలినప్పుడల్లా పొగ, మోత, కాగితం మీద చిల్లు. చిల్లులన్నీ ఒకదాని పక్కన ఒకటి, అరచెయ్యి కప్పేంత మేరలోనే. ఉత్తుత్తిది వచ్చినప్పుడల్లా టక్కుమనడం, గొట్టం వంగడం. మొదట్లో ఆమెకు వంగడమే కనబడింది. పోగా పోగా, కన్ను అలవాటు పడ్డాక, ఇంకొకటి కనబడింది. ట్రిగ్గర్ నొక్కితే తూటాను పేల్చడానికి పడే, గొట్టం పక్కనున్న చిన్న సుత్తి పడేదాకా మూతి కదలడం లేదు. సుత్తి పడుతోంది, టక్కుమంటోంది, ఆ తరవాత వంగుతోంది. నిజమైన తూటా అయితే ఆ పాటికి గుండు గొట్టం దాటి వెళ్ళిపోయి ఉంటుంది. ఇది అర్థమై ఆమె ఒక్క అడుగు ముందుకి వేసి, మరో ఉత్తుత్తిది పెట్టి, రెప్ప వెయ్యకుండా చూసింది. అవును. టక్కు ముందు, వంగడం తరవాత.

ఆమె ఏమీ అనకముందే ఆచారిగారు లేచి కుర్చీ చూపించారు. "కూర్చో. నింపేది నేను."

వరహాలమ్మ కూర్చుంది. కాలిన కనుబొమ్మ దగ్గర చర్మం చురచురమంది. రైఫిలు భుజానికి ఆనించింది. గొట్టం కొసనున్న గురిబొడిపె నల్లచుక్క కింద నిలబడింది, వణికింది, మళ్ళీ నిలబడింది. వేలు నొక్కబోయేలోపే బొడిపె చుక్క వదిలేసి గడ్డిలోకి దిగిపోయింది. ఆ తరవాత ఎప్పుడో టక్కుమంది.

"నేను కళ్ళు మూసేశానండి," అంది ఏడుపుగొంతుతో.

"మూశావు. నాకూ కనబడింది. మళ్ళీ."

మళ్ళీ అంతే. ఇంకోసారీ అంతే. ఆచారిగారు ఎన్ని ఉత్తుత్తివి పెట్టారో ఆమె లెక్కపెట్టలేదు. రాజుగారు ఒక్క మాట మాట్లాడలేదు. ఆయన జీవితంలో అది అరుదైన సంగతి. చెమట చేతుల నుంచి కొయ్యకు అంటుతుంటే ఆమె చీర కొంగుతో తుడిచి, మళ్ళీ భుజానికి ఆనించేది. భయాన్ని తోసేయాలని చూడడం ఆమె ఎక్కడో మానేసింది. అది వస్తోంది, రానీ. ఆ బొడిపెనీ చుక్కనీ మాత్రం వదలనని పట్టు పట్టింది. వేలు మెల్లగా, చాలా మెల్లగా బిగిసింది.

టక్కుమంది. బొడిపె ఇంకా చుక్క కిందే ఉంది. ఆ తరవాత గొట్టం చటుక్కున వంగింది.

వరహాలమ్మ నవ్వింది. చాలా నెలల తరవాత ఆ మనిషి నవ్వడం. "చూశారా, గురువుగారూ?"

"చూశాను. గొట్టం అటే ఉంచు." ఆయన కాసేపు ఆగి, రైఫిలు తీసుకుని, మరొకటి పెట్టి మీట మూసి ఇచ్చారు.

ఆమె మళ్ళీ చుక్క కింద బొడిపె నిలబెట్టింది. ఊపిరి వదిలింది. వేలు బిగించింది. ఈసారి భుజానికి గుద్దు తగిలింది, కొండ దద్దరిల్లింది, కళ్ళ ముందు తెల్లగా కమ్మేసింది. మందు వాసన ముక్కుకి ఘాటుగా కొట్టింది. ముఖం తడుముకుంది. ఏమీ లేదు. చెంప చెంపలాగే ఉంది. పొగ జరిగాక కళ్ళద్దాలు పైకెత్తి చూస్తే, నల్లచుక్కలోనే, ఎడమ పక్కకి కాస్త కిందుగా, గుండ్రటి చిల్లు.

రాజుగారు కుర్చీ పడిపోయినంత పని చేసి లేచి కాగితం దగ్గరికి పరుగులాంటి నడక మొదలుపెట్టారు. ఆచారిగారు సంచిలోంచి అక్షరాలు గుద్దే ఉక్కు అచ్చులు తీసి, 'వ' వెతుకుతూ బల్ల మీద ఒక్కొక్కటే పరుస్తున్నారు. వరహాలమ్మ వేడెక్కిన డొల్లను చీర కొంగులో పట్టుకుని ఆయన పక్కకి వచ్చి నిలబడింది. విశాఖపట్నం మాట చెప్పాలనుకుంది. చెప్పలేదు. దాని బదులు నెమ్మదిగా అడిగింది.

"ఇన్నేళ్ళయినా మీకు భయం పోలేదా, గురువుగారూ?"

ఆయన అచ్చును వెలుతురుకి పట్టి చూసి, పంచె కొసతో తుడిచారు.

"లేదమ్మా. కాస్త ఆలస్యంగా రావడం నేర్చుకుంది."